ఇద్దరు కూర్చునే మగ్గం

మా ఇంట్లో ఉన్నది ఒక్కడు నేసే మగ్గం కాదు. దాని మీద ఇద్దరు కూర్చోవాలి. ఈ ముక్క ముందే చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు, ముసలాయనకు ఏదో తిక్క లేచింది అనుకుని పేజీ తిప్పేస్తారు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళలో మాదొకటి. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో నలుగురూ కూర్చోవడానికి పరుస్తారే, ఆ మందపాటి నూలు జంపఖానాలే. వెడల్పాటిది నేయాలంటే మనిషి రెండు చేతులూ చాచినా ఈ అంచు నుంచి ఆ అంచుకు అందదు. అందుకని ఒకే పలక మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. కుడి సగం నాది. ఎడమ సగం మా బావమరిదిది, అంటే మా ఆవిడ తమ్ముడిది. నేను రంగు నూలును పడుగు పోగుల నడుమ నుంచి మధ్య దాకా పంపితే, అక్కడ వాడు అందుకుని చివరి దాకా తీసుకుపోతాడు. తర్వాత ఇద్దరం పంజా ఎత్తి కొడతాం. పంజా అంటే ఇనుప పళ్ళున్న బరువైన దువ్వెన అనుకోండి. దెబ్బ ఇద్దరిదీ ఒక్కసారే పడాలి. ఒకడు గట్టిగా, ఒకడు మెత్తగా కొడితే బట్ట ఒక పక్క బిగుసుకుని ఇంకో పక్క వదులవుతుంది, నేల మీద పరిస్తే మూల లేచి నిలబడుతుంది. మేమిద్దరం మాటామాటా అనుకుని కూర్చున్న రోజు మా ఆవిడ మా మొహాలు చూసేది కాదు, బట్ట చూసేది. "ఇయ్యాల ఇద్దరికి పడ్తలేనట్టున్నది" అనేది.

వాడిది ఎడమచేతి వాటం. ఎడమ పక్క కూర్చోవడానికే పుట్టినట్టు ఉండేవాడు. మీసాలు రాని వయసులో వచ్చి నా పక్కన కూర్చున్నాడు, మీసాలు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. మా మామ నాకు పిల్లనూ ఇచ్చాడు, మగ్గానికి ఎడమ చెయ్యినీ ఇచ్చాడు అని నేను నలుగురిలో ఆటపట్టించేవాణ్ణి. వాడూ తక్కువ తిన్నవాడు కాదు. "అక్కను ఒక్కదాన్నే పంపితే నువ్వు మల్ల తోలిస్తవని, కావలికి నన్ను గూడ పంపిండ్రు బావా" అనేవాడు.

మాకొక గుర్తు ఉండేది. జంపఖానా ముగిసే చోట, చివరి రెండు వేళ్ళ మేరలో, చెరొక పోగు వేస్తాం. నాది నలుపు, వాడిది పసుపు. అయితే ఎవరి సగంలో వాళ్ళు వేసుకోకూడదు. నా నల్ల పోగు వాడి సగంలోకి పోవాలి, వాడి పసుపు పోగు నా సగంలోకి రావాలి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. మా నాయన కాలంలో ఆయనకూ ఆయన జోడీకీ తప్పు ఎవరి పక్కన జరిగిందన్న దాని మీద పంతం పెరిగి మగ్గం ఆగిపోయిందట. అప్పుడు కులపెద్దలు కూర్చోబెట్టి ఈ పద్ధతి పెట్టారు. నీ పోగు వాడి సగంలో ఉంది, వాడి పోగు నీ సగంలో ఉంది, ఇక మంచైనా చెడ్డైనా ఇద్దరిదీ అన్నారు. కొనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నూలు తప్పి పడిందేమో అనుకునేవాళ్ళు, మేమూ విప్పి చెప్పేవాళ్ళం కాదు.

మా సరుకు చాలా ఏళ్ళుగా ఒక ఎగుమతి సేటు తీసుకుంటున్నాడు. ఆయనది హైదరాబాద్, గోదాము మాత్రం మా ఊళ్ళోనే. ఒకసారి కారు దిగుతూనే నవ్వుతూ వచ్చాడు. "అన్నా, మీ మగ్గానికి మంచి దినాలొచ్చినయ్" అన్నాడు. బయటి దేశాల్లో పెద్ద దుకాణాల వాళ్ళు ఇప్పుడు ధర కన్నా ముందు ఇంకో మాట అడుగుతున్నారట. ఈ వస్తువు తయారు కావడానికి ఎంత పొగ లేచింది అని. బొగ్గు కాల్చిన కరెంటు ఎంత, డీజిలు ఎంత, అంతా లెక్క కట్టి చూపించాలట. పొగ తక్కువ ఉన్న సరుకే కొంటారట. అలాంటి పనికైతే బ్యాంకులు కూడా తక్కువ మిత్తికి అప్పు ఇస్తున్నాయట. "మీది కరెంటే తాకని మగ్గం. మీ కన్న శుభ్రంగ నేసేటోడు దునియాల ఎవడున్నడు చెప్పు" అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఏం చెప్పను. ఇంకా చేత్తోనే నేస్తారా, ఎప్పుడు బాగుపడతారు మీరు అని వినీ వినీ మొద్దుబారిన చెవులు నావి. మా పిల్లలను కూడా ఈ పలక ఎక్కనివ్వలేదు. అట్లాంటిది, ఇన్నేళ్ళూ వెనకబడ్డావని అన్నవాళ్ళే వచ్చి నువ్వే ముందున్నావు అంటుంటే ఛాతీ వెడల్పు కాదా? ఆ రోజు మా ఆవిడ చేత పాయసం చేయించాను. సేటు మనుషులు కెమెరా తెచ్చి మా చేతులను, పంజాను, చివర్లో ఆ రెండు పోగులు దాటడాన్ని కూడా వీడియో తీసుకుపోయారు. మా బావమరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మొఖాలు వద్దట బావా, చేతులే గావాల్నట. మీసాలకు రంగేసుకుంటి, దండుగైంది" అన్నాడు.

కొన్నాళ్ళకు పొగ లెక్క కట్టే అమ్మాయి వస్తోందని కబురు వచ్చింది. ఇక్కడే మేమొక తెలివితక్కువ పని చేశాం. మా వాడవాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యరు అది. అంతకుముందు ఎవరు చూడటానికి వచ్చినా, అప్పులిచ్చేవాళ్ళు గానీ ఆఫీసులవాళ్ళు గానీ, ఇంకా రాట్నమేనా, మోటారు పెట్టుకోలేదా అని మూతి విరిచేవారు. అందుకని ఎవరైనా వస్తున్నారంటే పక్కింటి నుంచి నూలు కండెలు చుట్టే మోటారు తెచ్చి, వాకిట్లో పెట్టి తిప్పడం మా వాడలో మర్యాద. వచ్చినవాళ్ళకు కుర్చీ తుడిచి వేసినట్టే అదీ. ఆ రోజు కూడా ఆలోచించకుండా మోటారు తెచ్చి పెట్టాం. పొగ లేదని చూపించుకోవాల్సిన రోజు, పెద్ద గొప్పగా దాన్ని గుయ్యిమని తిప్పాం.

అమ్మాయి మంచిది. సేటుతో పాటే కారులో వచ్చింది. చెప్పులు బయట విడిచి, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, పలక మీద కూర్చుని పంజా ఎత్తి చూసింది. చేతిలో ఉన్న ట్యాబులో ఏదో ఎక్కించుకుంటూ ఇల్లంతా కలియజూసింది. ఒక ఫ్యాను, ఒక బల్బు.

"ఇంకేమీ లేవా అంకుల్?"

"ఇంకేం లేవు బిడ్డా. పొద్దెక్కినంక మగ్గమెక్కుతం, పొద్దుగూకంగ దిగుతం."

ఆ అమ్మాయి మొహంలో సంతోషం కనబడాలి గదా. కనబడలేదు. ట్యాబు వైపు చూస్తూ మెల్లగా అంది. "ఇబ్బంది ఏంటంటే, మీ దగ్గర తగ్గించడానికి ఏమీ లేదు అంకుల్."

"అంటే ఫస్టు వచ్చినట్టే గదమ్మా?"

పాపం, కాదని ఓపిగ్గా చెప్పింది. తక్కువ మిత్తికి వచ్చే ఆ డబ్బు పొగ తగ్గించే పనికి ఇచ్చేదట. నిన్నటిదాకా ఎంత పొగ పెట్టావు, రేపటి నుంచి ఎంత తగ్గిస్తావు అన్నది చూస్తారు. నిన్ననే ఏమీ లేనివాడు రేపు దేన్ని తగ్గిస్తాడు? నేను అడిగింది కూడా పెద్ద కోరికేం కాదు. ఇంటి మీద ఒక్క సోలార్ ప్లేటు. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి, రేకుల కింద కూర్చుంటే కరెంటు పోయిన పూట నెత్తి మాడిపోతుంది, ఆ ఫ్యాను తిరిగితే చాలు. మీ బిల్లు మరీ చిన్నది అంకుల్, దానికి రాదు అంది. చివరికి వాకిట్లో మోటారు వైపు చూసి, "దీన్ని తీసేస్తే మాత్రం కొద్దిగా తగ్గినట్టు చూపించొచ్చు" అంది. అది మాది కాదు తల్లీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మా ఇంటి మొత్తానికి పొగ లెక్కలోకి వచ్చే వస్తువు ఒకటుందంటే, అదీ అడుక్కొచ్చిందే.

అప్పుడు మా బావమరిది పలక మీద నుంచే అందుకున్నాడు. "ఒక పని జేద్దం బావా. పెద్ద డీజిల్ ఇంజను కిరాయికి తెద్దం. బర్రున తిప్పి వాడ వాడంత పొగ పెడదం. తర్వాత బంద్ జేసి సోలార్ పెట్టుకుంటమని చెప్పుదం. అప్పుడు సూడు, బ్యాంకోళ్ళే చెప్పుల్లేకుండ ఉరికొస్తరు."

అందరం పగలబడి నవ్వాం. లెక్కల అమ్మాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు ఒక్కడే నవ్వలేదు. నేనది చూశాను, పట్టించుకోలేదు.

వాళ్ళు పోయేటప్పుడు ఆ అమ్మాయిని ఒకటి అడిగాను. "మేం నేసింది వాళ్ళు పరుచుకుంటరు గదా. గా పొగ ఎవరి లెక్కల పడ్తది బిడ్డా?" తయారైన దేశం లెక్కలోనే పడుతుంది అంకుల్ అంది. అంటే జంపఖానా మెత్తదనం వాళ్ళ పాదాలకు, పొగ మన కాతాకు. బాగుంది వరస అనుకున్నాను. మా ఇంట్లో పొగే లేదు గదా, మనకెందుకు ఫికర్ అని కూడా అనుకున్నాను.

తర్వాత సేటు దగ్గర నుంచి ఆర్డర్లు సన్నగిల్లాయి. చివరికి ఒక పెద్ద జంపఖానా మాత్రం అడిగాడు, పెద్ద హాలుకు సరిపడేది, నీలం మీద తెలుపు, ఎర్రంచు. ఇది నచ్చితే మీ మగ్గానికి ఇక తీరిక ఉండదు, లేకపోతే నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. మా వాడలో ఇద్దరు కూర్చునే మగ్గాలు ఒక్కొక్కటే విప్పి వంటచెరకు కింద కొట్టేసుకోవడం నేను కళ్ళారా చూశాను. మాది నిలుస్తుందా లేదా అన్నది ఆ ఒక్క జంపఖానా మీద పడింది. ఇద్దరం దాని మీద ప్రాణం పెట్టి కూర్చున్నాం. కనీసం నేనట్లా అనుకున్నాను.

అది సగమయ్యేసరికి వాడికి భుజం నొప్పి మొదలైంది. "లేస్తలేదు బావా, జర దవాఖానల చూపిచ్చుకుని వస్త" అని వర్ధన్నపేటలో అత్తగారింటికి పోయాడు. మా ఆవిడ నువ్వుల నూనెలో ఏవేవో మరిగించి సీసాలో పోసి బస్టాండ్ దాకా పోయి ఇచ్చి వచ్చింది. ఫోను చేస్తే ఇంకా తగ్గలేదు అనేవాడు. వెనక నుంచి టకటకమని ఏదో చప్పుడు వచ్చేది. ఏందిరా అది అంటే బస్టాండ్‌లో ఉన్నా అనేవాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గాల నడుమ బతికినవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలియదా? తెలుసు. కానీ వాడు చెప్పాడు కాబట్టి అది బస్టాండే అనుకున్నాను.

ఒక్కణ్ణే నేయడానికి చూశాను. నా సగం నేసి, లేచి వాడి చోటుకు జరిగి, ఆ సగం నేసేవాణ్ణి. కుడిచేత్తో కొట్టిన దెబ్బ అటు పక్క ఎంతకూ కుదిరి చావలేదు. అట్లా ఒక్కణ్ణే నేసిందంతా మళ్ళీ విప్పుకున్నాను. దుమ్ము పడకుండా పాత ధోవతి కప్పి, వాడి కోసం కూర్చున్నాను. వాడి మీద జాలి కూడా పడ్డాను, అది తలచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

అట్లా ఉండగా ఒక రోజు మా ఆవిడతో హన్మకొండ పోయాను, కుక్కరు కొనడానికి. అక్కడ ఎగ్జిబిషన్‌లో ఒక దుకాణంలో విదేశాలకు పోగా మిగిలిన సరుకు అమ్ముతున్నారు. జంపఖానాలు కుప్పగా ఉన్నాయి. చెయ్యి ఊరుకోదు గదా, ఒకటి లాగి చూశాను. మూలకు అట్ట ముక్క కుట్టి ఉంది. దాని మీద ఫొటో. కుడి పక్క చేతి బొటనవేలి గోరు చిట్లి ఉంది. అది నా గోరు. పక్కన పంజా పట్టుకున్నది ఎడమ చెయ్యి. కింద ఇంగ్లీషులో, చేత్తో నేసినది, పొగ లేనిది అని రాసి ఉంది. నేను ఇంటర్ దాకా చదివినవాణ్ణి, ఆ మాత్రం చదవగలను.

మేము నేసిన జంపఖానా అది కాదు. అరచేయి పరచి రెండు సగాలూ తడిమాను. ఎక్కడా తేడా లేదు. ఇద్దరు మనుషులు కూర్చుంటే ఎంత కుదిరిన జోడీ అయినా వేళ్ళకు తెలిసే తేడా కొంచెం ఉంటుంది. ఇది సాంచా బట్ట. సాంచా అంటే కరెంటు మగ్గం. అంచు తిరగేసి చూశాను. చివరి రెండు వేళ్ళ మేరలో నల్ల పోగు, పసుపు పోగు, మధ్యలో ఒకదాన్నొకటి దాటి ఉన్నాయి.

సాంచాకు ఆ పని రాదు, ఎవరో ఆపి చేత్తో వేశారు. పసుపు పోగు కొస ఎడమ చేతి వాటంగా మెలిపెట్టి ఉంది. నల్ల పోగు కొస కూడా ఎడమ వాటంగానే మెలిపెట్టి ఉంది. నా పోగు కూడా వాడే వేశాడు. మా ఆవిడ నా చేతిలోంచి అంచు తీసుకుని వేలితో రాసి చూసింది. తర్వాత, "చెయ్యి మంచిగైనట్టున్నది వానికి" అంది. కుక్కరు కొనకుండానే ఇంటికి వచ్చేశాం.

మర్నాడు ఖమ్మం రోడ్డు బస్సు ఎక్కి వర్ధన్నపేటలో దిగాను. సాంచాల షెడ్డు ఎక్కడ అని అడగాల్సిన పనే పడలేదు. దూరం నుంచే కప్పు నిండా సోలార్ ప్లేట్లు తళతళా మెరుస్తున్నాయి. వాకిట్లో పాత డీజిల్ ఇంజను ఒకటి విప్పి పడేసి ఉంది. లోపల సాంచాల చప్పుడుకు చెవులు చిల్లులు పడుతున్నాయి. ఫోన్లో విన్న బస్టాండు అదే. మా బావమరిది ఒక చివర కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒడిలో నల్ల కండె, పసుపు కండె. నన్ను చూసి లేచాడు. భుజం మీద చెయ్యి వేసుకోబోయి మళ్ళీ దించేశాడు.

బయటికి వచ్చి ఇంజను పక్కన నిలబడ్డాం. అప్పటికి సాయంత్రమవుతోంది.

"నేను నవ్వులాటకే అన్న బావా" అన్నాడు ముందుగా. "సేటు తర్వాత ఫోన్ జేసి, అసొంటి ఇంజనున్న షెడ్డు యాడున్నదని నిజంగనే అడిగిండు. మా అత్తగారి ఊరి పక్కన ఇదుండె. డీజిల్ మీదనే నడుస్తుండె. చూపిచ్చిన."

ఇక మిగిలింది నేనే అర్థం చేసుకున్నాను. సేటు ఆ పాత షెడ్డు కొన్నాడు, అందులో పొగ చూపించాడు, ఇంజను ఆపుతా, ప్లేట్లు పెడతా అన్నాడు. బ్యాంకు మురిసిపోయి అప్పు ఇచ్చింది. పొగ తగ్గింది, నిజమే, ఆ ఇంజనుతో పోలిస్తే. దేనితో పోల్చాలో వాళ్ళే ఎంచుకున్నారు. మా మగ్గంతో పోల్చి చూడమని ఎవరూ అనలేదు. బొమ్మ మాత్రం మా మగ్గానిది.

మాట్లాడుతుండగానే పొద్దు వాలిపోయింది. ప్లేట్లు నల్లబడ్డాయి. లోపల సాంచాలు మాత్రం ఆగలేదు.

"ఇప్పుడు దేని మీద నడుస్తానయ్?" అన్నాను.

"స్తంభం కరెంటు మీద. పొద్దంత ప్లేట్ల మీదనే బావా" అన్నాడు తల దించుకుని. స్తంభం కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గోదావరి దిక్కు పోతే బొగ్గు కుప్పలు కనబడతాయి.

"నీకు మగ్గం చాతనైతలేదంటే నా మొఖం మీద చెప్పొద్దారా? నేనే బస్సెక్కిస్తుంటి గదా."

"చెప్పస్తె గదా బావా. నువ్వు ఆ జంపఖానా మీద గంత ఆశ పెట్టుకుంటివి. ఎట్ల చెప్పాలె? ఇంకెన్నేండ్లు కొడ్తం పంజా? ఈడ కుర్చీ ఉన్నది. నెల జీతమున్నది."

"జీతం తీసుకో. ఎవడొద్దన్నడు. గుర్తెందుకిచ్చినవ్?"

వాడు చేతిలో కండెను అటూ ఇటూ తిప్పాడు. "వీడియోల ఫారినోళ్ళు గది చూసిండ్రట. గా రెండు పోగులుంటెనే చేతిదని నమ్ముతాండ్రు. నా పని గదే బావా. గుర్తు వేసుడే."

"నాది గూడ నువ్వే వేస్తానవ్."

వాడు నన్ను చూడలేదు. "నీ పోగు లేకుంటె నాదొక్కటి దేన్ని దాటాలె బావా" అన్నాడు.

కొట్టాలని చెయ్యి లేచింది, కొట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, అది వాడికి కనబడకూడదని రోడ్డు మీదికి నడిచాను. సేటు మోసం చేశాడంటే ఒక అర్థం ఉంది, వ్యాపారం వాడిది. బ్యాంకుకు కళ్ళు లేవు, ఉన్నా బిల్లు మీదే ఉంటాయి. దేశానికి మా మగ్గం ఉన్న సంగతే తెలియదు. వీళ్ళెవరూ నా పక్కన కూర్చోలేదు. నా మోచెయ్యికి మోచెయ్యి ఆనించి కూర్చున్నవాడు వీడు. నేను ఊపిరి పీలిస్తే పంజా ఎప్పుడు ఎత్తుతానో వీడికి తెలుసు. నమ్మించి గొంతు కోశాడు.

బస్సులో కూర్చుంటే ఒకటే ఆలోచన. సోలార్ మీద నాకు కోపం లేదు, నేనే ఒక ప్లేటు అడిగినవాణ్ణి. డీజిల్ ఇంజను ఆగితే మంచిదే, ఆ ఊరివాళ్ళకు దగ్గు తగ్గుతుంది. కానీ నా తండ్రీ నేనూ బతుకంతా పెట్టని పొగ ఒకటుంది గదా. దాని పేరు చెప్పి అప్పు తెచ్చుకున్నారు, దాని బొమ్మ అట్టకు కుట్టి సముద్రం దాటించారు. మాకన్నా ఎన్నో రెట్లు నేస్తారు, ఎన్నో రెట్లు అమ్ముతారు, చీకటి పడ్డాక బొగ్గు కాలుస్తారు. అక్కడ దుకాణంలో కొన్నవాడు నేను మంచి పని చేశాను అనుకుని దాని మీద కాళ్ళు చాపుకుంటాడు. పొగ మన దేశం కాతాలో పడుతుంది. మా మగ్గం ఏ కాతాలోనూ లేదు. పొగ పెట్టి ఆపినవాడికి సన్మానం, మొదటి నుంచీ పెట్టనివాడికి పంగనామం.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు, వెనకేసుకునీ రాలేదు. మర్నాడు పొద్దున వంట ముగించుకుని, కొంగు బొడ్లో దోపుకుని, మగ్గం మీద కప్పిన ధోవతి తీసి మడతపెట్టి, వాడి చోట్లో కూర్చుంది. "నీకొస్తదా?" అన్నాను. "మీ ఇద్దరికి కండెలు చుట్టుకుంట మీ దెబ్బ వింటనే ముసల్దాన్నైతి. రాకేమైతది" అంది. నిజంగానే వచ్చింది. కుడిచేత్తో కొట్టినా ఆమె దెబ్బ నా దెబ్బతో కలిసింది. కొన్ని చోట్ల వదులైంది, కొన్ని చోట్ల నేను విసుక్కున్నాను, ఆమె అంతకు రెండింతలు విసుక్కుంది. మొత్తానికి నీలం మీద తెలుపు, ఎర్రంచు, చివరికొచ్చింది.

చివరి రెండు వేళ్ళ మేర దగ్గర ఆగాం. నల్ల కండె నా చేతిలో ఉంది. "నాదే రంగు?" అని అడిగింది. పసుపు వేస్తే అది వాడిది. ఇంకో రంగు వేస్తే ఏదో నకలు అంటారు. నలుపు, పసుపు వేసినా ఇప్పుడది షెడ్డు గుర్తే, మాది కాదు. కండె కింద పెట్టేశాను. గుర్తు లేకుండానే అంచు కట్టి మగ్గం మీద నుంచి దించాం.

ఆటోలో వేసుకుని సేటు గోదాముకు తీసుకుపోయాను. సేటు లేడు. సరుకు చూసుకునే కొత్త మనిషి జంపఖానా విప్పలేదు, రెండు సగాలూ తడిమి చూడలేదు. నేరుగా చివరి అంచు తిరగేశాడు. "గుర్తు లేదు కాకా. ఇది మా చేతి సరుకు కాదు" అన్నాడు. పక్కన కట్టల మీద ఉన్న అట్ట చూపించి, నా బొటనవేలు దాని పక్కన పెట్టాను. చిట్లిన గోరు, అదే గోరు. అతను చూశాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నువ్వే గావచ్చు కాకా. కని గుర్తు లేంది దింపుకోవద్దని చెప్పిండ్రు." జంపఖానా మళ్ళీ చుట్టి ఆటోలోకి ఎక్కించడానికి సాయం మాత్రం చేశాడు.

మగ్గం విప్పడానికి మనసు రాలేదు. ఖాళీ పడుగుతో అట్లాగే ఉంది.

రాఖీ పున్నమికి ఏటా మా ఆవిడ తమ్ముడి ఇంటికి పోయి కట్టి వచ్చేది. ఈ ఏడు పోలేదు. మధ్యాహ్నం దాకా చూసి వాడే వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బాతో. గుమ్మంలో నిలబడి "అక్కా" అన్నాడు. ఆమె రమ్మని అనలేదు, పొమ్మని అనలేదు. లోపలి నుంచి ఆ జంపఖానా తెచ్చి ముందు గదిలో పరిచింది. వాడు వచ్చి కూర్చున్నాడు. నేను మగ్గం పలక మీద కూర్చుని ఉన్నాను.

వాడి అరచెయ్యి ఊరుకోలేదు. కుడి సగం తడిమింది, ఎడమ సగం తడిమింది. తన చోట్లో కూర్చున్నది ఎవరో వాడికి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది, అక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి మెల్లగా అంచు దాకా పోయింది. చివరి రెండు వేళ్ళ మేరలో వెతికింది. మడత తిరగేసి మళ్ళీ వెతికింది.

"గుర్తు వెయ్యలేదా బావా?" అన్నాడు.

"ఎవరిది వెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

వాడు లేచి, జంపఖానా అవతలికి జరిగి, బండల మీద కూర్చున్నాడు. మా ఆవిడ పళ్ళెం తీసుకుని వచ్చింది. జంపఖానా మీదికి రమ్మని పిలవలేదు. రాఖీ అక్కడే, ఆ ఉత్త బండల మీదనే కట్టింది.